మా ఊరి గురించి ఏం రాయాలి? ఫ్రాన్స్‌లో రిష్‌బూర్ అనే పల్లె సంగతి విన్నాక వచ్చిన సందేహం

పరకాల పిలగాడు:

అందరికీ నమస్తే. మాది పరకాల నుంచి ములుగు పోయే వైపు ఒక చిన్న ఊరు. దసరాకు ఊరికొచ్చే వాళ్లకు పంచడానికి ఊరి విశేషాలతో ఒక చిన్న పుస్తకం వేద్దామని మా దోస్తులం అనుకున్నాం. ప్రింటింగ్ ఖర్చు ఒక పెద్దమనిషి పెట్టుకుంటానన్నాడు. రాయడానికి కూర్చుంటే పేజీన్నర దగ్గర ఆగిపోయింది. రామప్ప మనకు దగ్గరే అని అర పేజీ, ఘనపురం కోటగుళ్లు కూడా దగ్గరే అని ఇంకో అర పేజీ, మిగతా అర పేజీ ధన్యవాదాలు. మా ఊరిది అని ఒక్క ముక్క రాలేదు.

మా అక్కావాళ్లు ఫ్రాన్స్‌లో లీల్ పట్నంలో ఉంటారు. మొన్న కారులో రిష్‌బూర్ అనే పల్లెకు పోయి ఫొటోలు పంపారు. మన సిపాయిల పేర్లు చెక్కిన గోడ, దానితో పాటు పెద్ద స్తంభం అక్కడ ఉన్నాయి. అది కాక పోర్చుగీసు సైనికుల శ్మశానం, దాని ఎదురుగా చిన్న మేరీమాత గుడి, ఇంగ్లిష్ సైనికుల పేర్లతో గోడలు. దేన్ని ఎవరు కట్టారు, ఏ సంవత్సరం కట్టారు అన్నీ రాసి ఉన్నాయట. ఊరేమో మా మండలంలో ఒక మామూలు ఊరంత.

మా దగ్గర ఏమున్నాయంటే: బొడ్రాయి, సగం కూలిన బురుజు, చెరువు కట్ట మీద గుర్రం మీద మనిషి ఉన్న వీరగల్లు (పోరులో చనిపోయినవాడి గుర్తుగా నిలిపే రాయి, అందరూ పసుపు పూసి మైసమ్మ అంటారు), పీరీల కొట్టం, చెత్తతో నిండిన మెట్ల బావి, సాయుధ పోరాట కాలం నాటి వాళ్ల పేర్లతో ఎర్ర స్తూపం. ఇవి రాస్తే ఎవరైనా చదువుతారా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఇంకో సంగతి. మా నానమ్మ వాళ్ల పెదనాన్న ఒకాయన నిజాం ఫౌజులో ఉండి జర్మన్ లడాయికి (మొదటి ప్రపంచ యుద్ధానికి) పోయి తిరిగి రాలేదని ఇంట్లో చెప్తారు. ఆ గోడ మీద ఆయన పేరు ఉండే అవకాశం ఉందా? అక్కకు చెప్తే వెతుకుతానంది, కానీ గోడ నిండా పేర్లే అంటోంది.

మత్తడి కింది రైతు:

తమ్మీ, మెట్ల బావిలో చెత్త తీసే దిక్కు లేదు, దాని మీద పుస్తకమా? ముందు బావి బాగు చేయించండి. ఫ్రాన్స్ వాళ్లకు పైసలున్నాయి, రాసుకుంటారు. మన పంచాయతీకి వీధి దీపం మార్చాలంటేనే తీర్మానం కావాలి.

కాజీపేట టు కలే:

తమ్ముడూ, నేను పుట్టి పెరిగింది కాజీపేట రైల్వే క్వార్టర్లలో. ఇప్పుడు ఉండేది బెత్యూన్‌లో. నువ్వు చెప్పిన రిష్‌బూర్ మాకు పక్కనే, కారులో పదిహేను ఇరవై నిమిషాలు. ఇక్కడ ఒక బడి క్యాంటీన్‌లో పని చేస్తాను, అందుకే ఈ ఊళ్ల పిల్లల దగ్గరా ముసలివాళ్ల దగ్గరా చాలా సంగతులు వింటుంటాను.

మొదట ఒక విషయం. రిష్‌బూర్‌లో పాతది అంటూ దాదాపు ఏమీ మిగల్లేదు. 1914 నుంచి 1918 దాకా యుద్ధం ఆ ఊరి మీదే జరిగింది. ఇళ్లు, చర్చి, చెట్లు అన్నీ నేలమట్టం. ఇప్పుడు కనిపించే ఎర్ర ఇటుక ఇళ్లన్నీ ఆ తర్వాత కట్టుకున్నవే. మీ బురుజు ఏ కాలం నాటిదో నాకు తెలియదు కానీ, ఈ ఊళ్లో నిలబడి ఉన్న చాలా గోడల కన్నా పెద్ద వయసుదే అయ్యుంటుంది. కాబట్టి పాతవి ఉన్నాయా లేవా అని బెంగపడకు. వీళ్ల దగ్గర ఉన్నదల్లా ఎక్కడ ఏం జరిగిందో పేరు, తేదీతో రాసి పెట్టుకునే అలవాటు.

మీ అక్క చూసిన స్తంభం పేరు నోవ్ షాపెల్ భారత స్మారకం. పేరు పక్క ఊరిది, నేల మాత్రం రిష్‌బూర్ పొలిమేరలోది. మన దగ్గరైతే ఈ పాటికి రెండు ఊళ్ల సర్పంచులు సర్వేయర్‌ను పిలిపించేవాళ్లు. 1915 మార్చి 10 నుంచి 13 దాకా నోవ్ షాపెల్ కోసం జరిగిన పోరులో మన సైన్యం ముందు వరసలో ఉంది. మీరట్ డివిజన్, గఢ్వాల్ రైఫిల్స్ లాంటి దళాలు. అక్కడ చనిపోయి, బ్రిటిష్ వాళ్ల అతి పెద్ద సాహస పతకం విక్టోరియా క్రాస్ పొందిన గబ్బర్ సింగ్ నేగి పేరు కూడా ఆ గోడ మీద ఉంది. కట్టడాన్ని గీసింది హెర్బర్ట్ బేకర్, ఢిల్లీలో సెక్రటేరియట్ భవనాలు గీసినాయనే. 1927 అక్టోబర్ 7న ఆవిష్కరించారు. స్తంభం 15 మీటర్ల దాకా ఉంటుంది, పైన కమలం, కిటికీ జాలీ లాగా చెక్కిన రాతి గోడ, రెండు ఛత్రీలు (గుమ్మటం ఉన్న చిన్న మండపాలు), కింద రాతి పులులు. సాంచీ స్తూపం చుట్టూ ఉండే కంచెను మనసులో పెట్టుకుని గుండ్రంగా కట్టాడంటారు. లోపలికి పోతే ఆ చుట్టుపక్కల ఆలుగడ్డ చేన్ల మధ్య ఉన్నట్టే అనిపించదు. ఫ్రాన్స్, బెల్జియంలలో చనిపోయి సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు అక్కడ ఉన్నాయి. సిపాయిలే కాదు, కూలి పనికి వచ్చినవాళ్ల పేర్లు కూడా. 2023లో యునెస్కో మొదటి ప్రపంచ యుద్ధపు స్మారకాలు 139 చోట్లను జాబితాలో చేర్చినప్పుడు ఇది కూడా అందులోకి వచ్చింది. అంటే మీ రామప్ప 2021లో ఎక్కిన జాబితాలోకే.

ఈ నేల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రైతు కుటుంబాల వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇక్కడంతా పల్లం, కొంచెం తవ్వగానే నీళ్లు ఊరతాయి. ప్రతి చేనుకీ పక్కన కాలువ. అందుకని సైనికులు లోతుగా కందకాలు తవ్వలేక, నేల మీదే మట్టి బస్తాలు పేర్చి అడ్డుగోడలు కట్టుకున్నారు. ఆ బురదలో, ఆ చలిలో, సముద్రం దాటి వచ్చిన మనవాళ్లు! నవంబర్‌లో ఆ దారిన పోతుంటే నాకు ఇప్పటికీ కాళ్లు జివ్వుమంటాయి, అది కూడా మంచి బూట్లు వేసుకుని.

పోర్చుగీసు శ్మశానంలో 1,831 సమాధులు. 1918 ఏప్రిల్ 9న లీస్ నది దగ్గర జర్మన్లు దాడి చేసినప్పుడు ఆ భాగాన్ని కాచింది పోర్చుగీసు వాళ్లే, వాళ్లు చాలా దెబ్బతిన్నారు. ఎదురుగా ఉన్న ఫాతిమా మాత గుడి 1976లో కట్టింది. ల తురే అనే పల్లె దగ్గర ఇంగ్లిష్ వాళ్ల గోడల మీద 13,000 మందికి పైగా పేర్లు. ఇవన్నీ ఒక్క ఊరి పరిధిలోవి. అసలు ఆ ఊరే 1971లో రెండు రిష్‌బూర్‌లు కలిస్తే ఏర్పడింది. మన దగ్గర 2018లో తండాలు విడిపోయి కొత్త పంచాయతీలయ్యాయి, అక్కడ ఉన్నవి కలిశాయి.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. ఫ్రాన్స్‌లో ఏ పల్లెకు పోయినా ఊరి నడుమ సొంత ఊరివాళ్ల పేర్లతో ఒక స్మారకం ఉంటుంది. 1919 అక్టోబర్‌లో చట్టం చేసి ప్రభుత్వం కొంత డబ్బిస్తే, మిగతాది ఊళ్లు చందాలేసుకుని కొన్నేళ్లలోనే వేల ఊళ్లలో కట్టేశాయి. ప్రతి నవంబర్ 11న, అంటే ఆ యుద్ధం ఆగిన రోజున, మేయర్ దాని ముందు నిలబడతాడు. ఒక్కో పేరు చదువుతుంటే, చాలా ఊళ్లలో బడి పిల్లలు "ఫ్రాన్స్ కోసం చనిపోయాడు" అని అంటారు. మా క్యాంటీన్ పిల్లలు వారం ముందు నుంచి పేర్లు పలకడం ప్రాక్టీస్ చేస్తారు, అన్నం తింటూ కూడా. చదివేది ఇంటిపేరు, పేరు, అంతే. వీరుడు, త్యాగధనుడు, మహోన్నతుడు ఏమీ ఉండవు.

మీ ఎర్ర స్తూపం సరిగ్గా అలాంటిదే. నీ పుస్తకం అక్కడి నుంచి మొదలుపెట్టు. రామప్ప గురించి అర పేజీ తీసెయ్, దాని గురించి రాయడానికి వేరే వాళ్లున్నారు.

చాకిరేవు ఉందా మీ ఊళ్లో? నువ్వు రాయలేదు. ఇక్కడి పల్లెల్లో ఊరి చాకిరేవును కూడా వారసత్వం అంటారు. పైన పెంకుల కప్పు, చుట్టూ బట్టలు రుద్దే రాతి అంచు, మధ్యలో పారే నీళ్లు. కలరా లాంటి రోగాల భయంతో 1851లో చట్టం చేసి వాటికి డబ్బిచ్చారు. ఇప్పుడు ఎవరూ ఉతకరు, పూలకుండీలు పెట్టుకుంటారు. మన చెరువుల దగ్గర ఉతికిన కుటుంబాలు ఇంకా ఊళ్లోనే ఉన్నాయి కదా, ఏ బండ ఎవరిదో వాళ్లను అడుగు. మత్తడి, తూము కూడా రాయి. తూము రాళ్ల మీద అక్షరాలుండే ఊళ్లు మన ఓరుగల్లు చుట్టూ తక్కువేమీ కాదు.

మత్తడి కింది రైతు అన్నకు: పైసల మాట నిజమే. కానీ ఇక్కడ కూడా చిన్న ఊళ్లకు కష్టమే అన్నా. 1905 చట్టం తర్వాత, అప్పటికే ఉన్న ఊరి చర్చిలు దాదాపు అన్నీ పంచాయతీ ఆస్తి అయిపోయాయి. పూజ చేసేది ఫాదర్, కప్పు కారితే రిపేరు చేయించాల్సింది మేయర్. మూడు నాలుగు వందల మంది ఉన్న ఊరికి చర్చి పైకప్పు ఖర్చంటే గుండెల మీద బండే. అందుకే 2018 నుంచి కట్టడాల కోసం లాటరీ టికెట్లు కూడా అమ్ముతున్నారు. బావి బాగు చేయించే డబ్బు లేకపోతే లేకపోయింది, బావి గురించి రాయడానికి నోట్‌బుక్ చాలు.

రిటైర్డ్ సోషల్ సార్:

పిలగాడు అడిగిన రెండో ప్రశ్నకు నాకు తెలిసింది చెప్తాను.

"నిజాం ఫౌజు" అని ఇంట్లో చెప్పే మాట సరైనదే అయితే, ఆయన ఫ్రాన్స్‌కు పోయి ఉండడం అనుమానమే. నిజాం తరఫున ఆ యుద్ధానికి పోయిన దళం హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు, అంటే గుర్రపు దళం. వాళ్లను 1914లో ఈజిప్టుకు పంపారు. సూయజ్ కాలువ కాపలా, ఆ తర్వాత పాలస్తీనా. మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి ఒకే బ్రిగేడ్‌లో పనిచేశారు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర ఉన్న మూడు విగ్రహాల్లో ఒకటి ఈ హైదరాబాద్ దళం గుర్తుగా పెట్టిందే. వాళ్లలో సమాధి తెలియనివాళ్ల పేర్లను మొదట సూయజ్ కాలువ దగ్గర పోర్ట్ తౌఫీక్‌లో ఒక స్మారకం మీద చెక్కారు. అరబ్ ఇజ్రాయెల్ యుద్ధాల్లో అది దెబ్బతింటే, 1980లో కైరో శివారులోని హెలియోపొలిస్ శ్మశానంలో ఆ పేర్లకు చోటిచ్చారు. కాబట్టి మీ అక్క వెతకాల్సింది ఈజిప్టు జాబితా.

ఒకవేళ ఆయన 20వ దక్కన్ హార్స్ లాంటి దళంలో చేరి ఉంటే కథ వేరు. పేరులో దక్కన్ ఉన్నా అది నిజాంది కాదు, బ్రిటిష్ ఇండియా సైన్యంలోది. అది ఫ్రాన్స్‌లోనే ఉంది. 1916 జులై 14న సోమ్ ప్రాంతంలో లాంగెవాల్ అనే పల్లె దగ్గర, హై వుడ్ అడవి పక్కన, బల్లేలతో గుర్రాల మీద దాడి చేసింది. మరఫిరంగుల కాలంలో గుర్రాల దాడి! సోమ్‌లో రైతులు ఇప్పటికీ దున్నేటప్పుడు గుండ్లు బయటపడుతుంటాయి.

వెతికేటప్పుడు రెండు జాగ్రత్తలు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ రిజిస్టర్లలో చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసి ఉంటాయి, కానీ స్పెల్లింగ్ రాసినవాడి చెవికి వినబడినట్టు ఉంటుంది. పరకాలను ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్నీ వెయ్యి. రెండోది, హైదరాబాద్ అని కనబడగానే మనదే అనుకోకు, సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది. 1922 తర్వాత 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని ఒకటి వచ్చింది, అదే ఇప్పుడు కుమావూఁ రెజిమెంట్. ఆ పేరుతో దొరికే కాగితాలు మీ పెద్దాయన కాలానివి కావు.

ఇంట్లో ఇనాం భూమి సంగతి ఏమైనా ఉందా? సైన్యంలో చేసినవాళ్ల కుటుంబాలకు అలాంటివి ఉంటే సేత్వార్‌లో (నిజాం కాలపు భూమి సర్వే రిజిస్టరులో) జాడ దొరకొచ్చు. 1954-55 ఖాస్రా పహాణీ (భూమి హక్కుల రికార్డు) కూడా చూడు, ఆ సర్వే నంబరు ఎవరి పేర వచ్చిందో తెలుస్తుంది. నిజాం కాలపు కాగితాలు హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఉర్దూ, ఫార్సీ చదివేవాళ్లను వెంట తీసుకుపో.

పరకాల పిలగాడు:

సార్, చాలా థ్యాంక్స్. గుర్రం మీద పోయిండు అని నానమ్మ అనేది, అంటే లాన్సర్లే అయ్యుంటుంది. అక్కకు ఈజిప్టు జాబితా చూడమని మెసేజ్ పెట్టాను.

కాజీపేట అక్కా, చాకిరేవు ఉంది, కట్ట వెనకాల. రాయాలన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు రెండు సమస్యలు. ఒకటి, వీరగల్లు కింద ఏవో అక్షరాలున్నట్టున్నాయి, నూనె, పసుపు పేరుకుపోయి కనబడడం లేదు. ఫొటో బాగా రావాలని మా వాళ్లు గీకి కడిగి ఎనామిల్ పెయింట్ వేద్దామంటున్నారు. రెండోది, స్తూపం మీద ఉన్న పేర్లతో ఊళ్లో గొడవ. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరేయడానికి పోయినవాళ్ల మీద కాల్పులు జరిగాయి కదా, ఆ రోజు మా ఊరి నుంచి పోయిన ఒకాయన పేరు స్తూపం మీద లేదని వాళ్ల మనవడు కొట్లాడుతున్నాడు. రాస్తే ఒక పార్టీకి కోపం, రాయకపోతే ఇంకో పార్టీకి కోపం.

రిటైర్డ్ సోషల్ సార్:

పెయింట్ వద్దు. గీకడం అసలే వద్దు. చీకటి పడ్డాక టార్చి లైట్ పక్క నుంచి, రాయికి ఆనించినంత వాలుగా వేసి ఫొటో తీయండి. పగటి వెలుగులో కనబడని గీతలు నీడ పడి తేలతాయి. అక్షరాలే అని తేలితే, రాష్ట్ర పురావస్తు శాఖ 1974లో వేసిన వరంగల్ జిల్లా శాసనాల సంపుటిలో మీ ఊరి పేరుందేమో చూడండి. లేకపోతే ఆ శాఖ వాళ్లకు ఫొటోలు పంపండి. తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తారు. అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. పూజ ఆపమని మాత్రం ఎవరికీ చెప్పకండి, ఇన్నేళ్లు ఆ రాయి అక్కడే ఉండడానికి కారణం ఆ పసుపే.

మత్తడి కింది రైతు:

మా ఊళ్లో వీరగల్లుకు సిల్వర్ పెయింట్ వేశారు. ఇప్పుడు గుర్రం ఏదో మనిషి ఏదో తెలియదు. సార్ చెప్పింది వినండి.

మెట్ల బావి గురించి రాస్తే, మోట ఎన్ని జతల ఎడ్లతో కొట్టేవాళ్లో, వంతులు ఎవరివో రాయండి. ఆ వంతులు తెలిసినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లే.

కాజీపేట టు కలే:

స్తూపం గొడవ గురించి. ఇక్కడి స్మారకాల మీద కూడా ఇలాంటివి ఉన్నాయి తమ్ముడూ. పుట్టిన ఊళ్లో చెక్కాలా, బతికిన ఊళ్లో చెక్కాలా అన్నది పెద్ద తగువు. కొందరి పేరు రెండు ఊళ్లలో ఉంటుంది, కొందరిది ఎక్కడా ఉండదు. సొంత అధికారులే క్రమశిక్షణ పేరుతో కాల్చి చంపిన ఫ్రెంచి సైనికులు ఉన్నారు, వాళ్ల పేర్లు చెక్కాలా వద్దా అని చాలా ఊళ్లలో వాదన దశాబ్దాల పాటు నడిచింది. కొన్ని ఊళ్లు ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పేర్లు చేర్చుకున్నాయి. అలా చేర్చిన పేరు వరస తప్పి చివర్లో, కొంచెం కొత్త రంగు అక్షరాలతో ఉంటుంది, చూడగానే తెలుస్తుంది.

నువ్వు స్తూపం జోలికి పోకు, అది నీ చేతిలో లేదు. పుస్తకం నీ చేతిలో ఉంది. స్తూపం మీద ఏముందో అక్షరం మార్చకుండా ఒక చోట దించు, తప్పు స్పెల్లింగ్‌తో సహా. కింద విడిగా, ఊళ్లో చెప్పే పేర్లు రాసి, చెప్పింది ఎవరో, వాళ్లకు చనిపోయినాయన ఏమవుతారో, ఏ నెలలో చెప్పారో రాయి. తీర్పు చెప్పకు. ఆడవాళ్లను వేరేగా కూర్చోబెట్టి అడుగు, మగవాళ్ల ముందు నోరు విప్పరు. రాత్రిళ్లు అన్నం మోసిందెవరు, గాయపడ్డవాళ్లను దాచిందెవరు అంటే చాలాసార్లు వాళ్లకే తెలుసు. ఆ పేర్లు ఏ స్తూపం మీదా ఎక్కవు.

బురుజుకు టేప్ పట్టి చుట్టుకొలత, ఎత్తు రాసుకో. ఎటు వైపు కూలిందో కూడా. వచ్చే వానలకు ఇంకొంచెం పోతుంది.

పేర్ల పేజీ ప్రింటుకు ఇచ్చే ముందు ఇక్కడ పెట్టు. పరకాల, ములుగు సైడు వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, తప్పులుంటే వాళ్లే పడతారు. మీ అక్కను ఈసారి నోవ్ షాపెల్ పోయినప్పుడు బెత్యూన్ మీదుగా రమ్మను, పప్పుచారు పెడతాను.